పుండు మానింది, నేను మానలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మా నల్గొండలో మోకాళ్ళ నొప్పులని డాక్టరు దగ్గరికి వెళితే, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఒక ప్రశ్న వస్తుంది: "ఏ నీళ్ళు తాగుతున్నరు? బోరా, నల్లానా?" ఫ్లోరైడ్ నేర్పిన ప్రశ్న అది. మా అమ్మమ్మది మర్రిగూడ దిక్కు ఊరు. చిన్నప్పుడు సెలవులకు వెళితే, నడుము వంగి మెడ తిప్పలేక, మనిషి పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసే వాళ్ళు వాడకు ఇద్దరు ముగ్గురు కనిపించేవారు. అందుకని ఆ ప్రశ్న విలువ నాకు తెలుసు. కానీ 2022 చివర్లో నా కుడిచేతి చూపుడువేలి మీద పుండు లేచి ఐదు నెలలు మానకపోతే, నేను తిరిగిన నాలుగు చోట్లా "ఆ చెయ్యి ఏ నీళ్ళల్ల పెడుతున్నవు?" అని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నాకు తడితే కదా. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి. నాది ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు. వయసు 54. ఎనిమిదేళ్ళుగా షుగర్. సిగరెట్టు లేదు, మందు లేదు, ఉన్న ఒక్క పిచ్చీ ఉప్పునీళ్ళ తొట్టె. హోటళ్ళలో కనిపించే గోల్డ్ ఫిష్ తొట్టె కాదు, రీఫ్ ట్యాంకు. అంటే పగడపు దిబ్బల మీద బతికే జీవాలను, వాటికి కావలసిన నీళ్ళతో, వెలుతురుతో, అలలతో సహా ఇంట్లో పెట్టుకోవడం. మాకు సముద్రం చూడాలంటే నడికుడి లైను రైలెక్కి గుంటూరు, అక్కణ్ణుంచి బాపట్ల పోవాలి. అందుకే మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మావోడు ముందటర్రల సముద్రం సాదుతుండు" అని చెప్పేది, కొంచెం వెక్కిరింపుగా, కొంచెం గొప్పగా.

సముద్రం సాదడంలో ముప్పాతిక వంతు పని నీళ్ళు మోయడమే. మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క, వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు మేలే గానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. ఏ నీళ్ళయినా ఆర్వోలో వడగట్టి, ఆపైన మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపి, మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపాలి. లీటరుకు దాదాపు 35 గ్రాములు. కిరాణా షాపు ఉప్పు పనికిరాదు, కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ సముద్రంలో ఉన్న పాళ్ళలో కలిపిన ఉప్పు దొరుకుతుంది, అదే వాడాలి. మూడడుగుల తొట్టె, 190 లీటర్లు. వారం వారం అందులో పదో వంతు తీసి కొత్తవి పోయాలి. ఇక్కడ నాకెప్పుడూ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. అసలు సిసలు సముద్రపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతో తెలుసా? లీటరుకు సుమారు 1.3. నల్గొండవాడు ఫ్లోరైడ్ తప్పించుకుని సముద్రంలో దూకినా అక్కడా అదే ఎదురొస్తుంది.

2022 బతుకమ్మ రోజుల్లో ఒక సాయంత్రం ఇంట్లో ఆడవాళ్ళు తంగేడు, గునుగు పేర్చుకుంటూ ఉన్నారు. నేను తొట్టెలో చెయ్యి పెట్టి రాళ్ళు సర్దుతున్నాను. ఒక రాయి అంచు వేలి కణుపు మీద గీరుకుంది. నాలుగు చుక్కల రక్తం. తుడుచుకున్నాను, మర్చిపోయాను. బ్యాటరీల పనిలో ఇంతకంటే పెద్దవే తగులుతాయి.

దీపావళికి అదే చోట ఎర్రటి బుడిపె లేచింది. నొప్పి పెద్దగా లేదు. మొదట మా వీధి ఆర్ఎంపీ, లేపనం ఇచ్చాడు. తర్వాత ఒక క్లినిక్‌లో షుగర్ పుండన్నారు, మూడు కోర్సులు యాంటీబయాటిక్ వాడాను. ఇంకో చోట వాతమో, యూరిక్ యాసిడో అని వేలి కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. అది వేసిన పది రోజులకు వేలు వంకాయలా ఉబ్బింది. నాలుగో చోట కోసి చీము తీస్తామన్నారు, కోస్తే చీము రాలేదు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. షుగర్ ఉన్నవాడి వేలు చూస్తే ఎవరికైనా ముందు షుగరే గుర్తొస్తుంది. సంక్రాంతి వెళ్ళేసరికి ముంజేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, దారానికి గుచ్చిన పూసల్లాగా చిన్న చిన్న గడ్డలు వరుసగా లేచాయి. అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్. స్క్రూడ్రైవర్ ఎడమ చేత్తో తిప్పడం నేర్చుకున్నాను. షాపులో కుర్రాడు చూడనట్టు నటించేవాడు.

హైదరాబాద్‌లో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ ఆ వరుస చూడగానే పెన్ను కింద పెట్టి అడిగింది: "ఇంట్లో చేపలు పెంచుతారా?"

ఐదు నెలలు, నాలుగు చోట్లు, మందులకూ పరీక్షలకూ నలభై వేల పైచిలుకు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న కోసమే తిరిగినట్టయింది.

దాని పేరు మైకోబ్యాక్టీరియం మారినం. క్షయ క్రిమికి దాయాది. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిపోయిన సముద్రపు చేపల్లో మొదటిసారి పట్టుకున్నారట. పేరులో సముద్రం ఉన్నా మంచినీళ్ళ తొట్టెల్లోనూ బతుకుతుంది. కాబట్టి ఇది నాలాంటి ఉప్పునీళ్ళ పిచ్చివాళ్ళ జబ్బు మాత్రమే అనుకోవద్దు. పిల్లలకు కొనిచ్చే గోల్డ్ ఫిష్ గాజు గిన్నెలోనూ ఈ క్రిమి ఉండొచ్చు. బాగున్న చర్మం గుండా లోపలికి రాలేదు, గీత పడిన చోటు కావాలి. గీరుకున్నాక రెండు మూడు వారాలకు, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి మనం ఆ గీత సంగతే మర్చిపోతాం. ఇంకో చిత్రం, దీనికి మన ఒంటి వేడి సరిపడదు. 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 37 దగ్గర పెరగనంటుంది. అందుకే ఒళ్ళంతా పాకకుండా చల్లగా ఉండే వేళ్ళ మీద, చేతుల మీద కూర్చుంటుంది. ఒంట్లో రంగులేని ద్రవం పారే లింఫ్ నాళాల వెంట పైకి పాకితే నా పూసల వరుస తయారవుతుంది. ల్యాబులో మామూలు పద్ధతిలో 37 డిగ్రీల దగ్గర పెట్టి పెంచితే ఏమీ లేదనే రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరమ్మ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుతూ చీటీ మీద "30 డిగ్రీల దగ్గర కూడా" అని రాసి కింద గీత గీసింది. చేపల సంగతి తెలియకపోతే ఆ గీత గీసేవాళ్ళెవరు?

క్షయకు దాయాది అన్న మాట మా ఆవిడ ఫోనులో వాళ్ళ అక్కకు చెప్పింది. అంతే. నాలుగు రోజుల్లో చుట్టాలందరికీ నాకు టీబీ. ఇది మనిషి నుంచి మనిషికి అంటదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి పంపినా, ఒక పెళ్ళిలో నా పక్క విస్తరి ముందు ఎవరూ కూర్చోలేదు. మా ఇంట్లో నా గ్లాసు మీద ఎర్ర పెయింటుతో చుక్క పడింది. ఎవరు పెట్టారో ఇప్పటికీ ఒప్పుకోరు.

2023 మార్చి నుంచి ఆరు నెలలు రెండు మందులు: క్లారిత్రోమైసిన్, ఎథాంబ్యుటాల్. మొదటిదానితో నోరంతా రాగి నాణెం చప్పరించినట్టుండేది, మా అమ్మ చేసిన గోంగూర కూడా నాణెం రుచే. షుగర్ మాత్రల లెక్క కూడా మార్చారు. రెండోదానితో ఇంకో భయం. అది కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ముందు ఎరుపు, ఆకుపచ్చ తేడా పోతుంది. అందుకని నెలనెలా కంటి డాక్టరు దగ్గర రంగు చుక్కల పుస్తకంలో అంకెలు చదివి రావాలి. నా పనిలో వైరు ఎరుపో ఆకుపచ్చో తెలియకపోతే షాపు మూసుకోవడమే. పొద్దున లేవగానే షట్టర్ ఎత్తి, ఇన్వర్టర్ల మీద లైట్లు వరుసగా చూసి, ఇది ఎరుపు, ఇది పచ్చ అని పైకి అనుకునేవాణ్ణి. కుర్రాడు అప్పుడూ చూడనట్టే నటించాడు, మంచివాడు.

ఇక తొట్టె. చెయ్యికి కట్టు కట్టుకుని పక్కన నిలబడి నేను చెబుతుంటే మా ఆవిడ నెల రోజులు నీళ్ళు మార్చింది. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక ఆమె చెయ్యి పెట్టడం నాకే ఇష్టం లేకపోయింది. ఎల్బీ నగర్‌లో ఉన్న ఒక మిత్రుడు, ఈ పిచ్చి నాకు అంటించినవాడే, సంగతి మొత్తం తెలిసీ క్లౌన్ చేపల జంటను తీసుకెళ్ళి వేరే తొట్టెలో పెట్టుకున్నాడు. లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం దక్కలేదు. తొట్టె ఖాళీ చేసిన రోజు ఇల్లంతా బాపట్ల ఒడ్డు వాసన కొట్టింది.

రాళ్ళను పెళ్ళిళ్ళ డేగిశాలో వేసి మరగబెడదామనుకున్నాను, క్రిములు చస్తాయి కదా అని. మిత్రుడు ఫోనులోనే అరిచాడు. ఆ రాళ్ళ మీద జోవాంతిడ్లు అనే చిన్న గుండీల్లాంటి జీవాలుంటే, వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఉడకబెట్టినా చావదు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంగతులున్నాయి. కాబట్టి ఇది చదివే వాళ్ళెవరూ తొట్టె రాళ్ళు ఉడకబెట్టొద్దు. నేను వాటిని మూటగట్టి పారేశాను. పాత తొట్టె షాపు వెనక వైర్ల చుట్టల కింద ఉంది.

సెప్టెంబరులో మందులు ఆపారు. వేలు మానింది, కణుపు మీద గోధుమరంగు మచ్చ మిగిలింది, పిడికిలి పూర్తిగా బిగుసుకోదు. ముందు గదిలో తొట్టె ఉన్న చోట సోఫా వేశారు. తొట్టె ఎందుకు మళ్ళీ పెట్టావని అడిగితే పెద్ద కారణాలేం చెప్పలేను. పదకొండేళ్ళు పంపు చప్పుడు వింటూ పడుకున్నవాడికి చప్పుడు లేకపోతే నిద్ర పట్టలేదు, అంతే. చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా తల దించుకుని అడిగాను, "మేడమ్, మళ్ళా పెట్టుకోవచ్చా?" ఆమె నవ్వింది. జబ్బు తెచ్చింది చేపలు కాదు, గీరుకున్న ఉత్త చెయ్యి అంది. గ్లవ్స్ లేకుండా పెట్టొద్దు, గాయం ఉంటే గ్లవ్స్‌తో కూడా పెట్టొద్దు, నీళ్ళు లాగడానికి పైపు నోట్లో పెట్టుకోవద్దు, తొట్టె సామాను వంటింటి సింకులో కడగొద్దు, పని అయ్యాక సబ్బుతో కడుక్కో అంది. మా ఆవిడ షరతు ఒక్కటే: "ఉత్త చెయ్యి లోపట కనవడ్డదంటే ఆ రోజే పాత సామానోనికి ఏస్త."

మామూలు గ్లవ్స్ మణికట్టు దగ్గరే ఆగిపోతాయి, తొట్టె లోతు అడుగుంపావు. వెతగ్గా వెతగ్గా పశువుల మందుల షాపులో దొరికాయి, పశువుల డాక్టర్లు వాడే, భుజం దాకా వచ్చే గ్లవ్స్. షాపతను పెట్టె ఇస్తూ అడిగాడు, "ఎన్ని బర్లున్నయే?" రెండు చేపలకని చెప్పలేక, "రెండే" అన్నాను. పల్చటి కవరు లాంటివి, రాయి తగిలితే చిరిగిపోతాయి. అందుకని అవి వేసుకుని వాటి మీద మందపాటి నైట్రిల్ గ్లవ్స్ తొడుగుతాను. సగం పనులు ఇప్పుడు పొడుగు పట్టకారుతోనే అయిపోతున్నాయి. ఇన్నేళ్ళూ చెయ్యి పెట్టి చేసిన పనుల్లో చాలావరకు నా కుతూహలమే తప్ప తొట్టెకు అవసరం కాదని అర్థమైంది.

2024 జూన్‌లో, మృగశిర కార్తె వెళ్ళాక, రెండడుగుల తొట్టె తెచ్చాను, 90 లీటర్ల లోపు. 20 లీటర్ల క్యాను మోసే కాలం పోయింది, ఇప్పుడు చిన్న పంపు పెట్టి బకెట్లోంచే ఎక్కిస్తున్నాను. ఎండు రాళ్ళు పెట్టి, ఉప్పు కలిపి, ఆరు వారాలు ఏమీ వేయకుండా ఊరుకున్నాను. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు కుదురుకోవాలి. లేకపోతే ఏ చేప వేసినా చస్తుంది. మా అమ్మకు 81. రోజూ వచ్చి చూసేది. "ఉత్త నీళ్ళకు లైటెందుకురా?" అనేది. నాలుగో వారంలో ఇసుక మీద గోధుమరంగు పాచి పట్టింది. కొత్తవాళ్ళు దాన్ని చూసి కంగారుపడతారు, నాకైతే పెరట్లో విత్తనం మొలిచినంత సంబరం. "ఇగ వచ్చిందమ్మా" అని పిలిస్తే వచ్చి చూసి, "ఇదా, మన హౌజులనే ఉండె గదరా" అంది.

కరెంటు గురించి అడిగేవాళ్ళ కోసం ఒక మాట, ఇది నా వృత్తి. కరెంటు పోతే ముందు చచ్చేది గాలి ఆడకనే, లైటు లేక కాదు. అలల పంపు పది వాట్లు కూడా తినదు. 150 ఏహెచ్ బ్యాటరీ మీద అదొక్కటే వదిలితే, ఇన్వర్టర్ తాను తినేది పోను, రెండు రోజులు ఆడుతుంది. ఎండాకాలమే కష్టం. బయట 44 డిగ్రీలుంటే లోపల 27 దాటనివ్వకూడదు. తొట్టె నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మిషను కొనే స్తోమత లేదు. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మన కూజాలో నీళ్ళు చల్లబడ్డట్టే. బాగా ఎండగా ఉన్న రోజుల్లో దాంతోపాటు మధ్యాహ్నం గదిలో ఏసీ. ఎగిరిపోయేది నీరే, ఉప్పు కాదు కాబట్టి తగ్గినంతా ఉప్పులేని నీళ్ళే పోయాలి. ఇది తెలియక మొదటి ఏడాది నేను ఉప్పునీళ్ళే పోసి రొయ్యల్ని చంపుకున్నాను.

ఇప్పుడు తొట్టెలో ఒక లెదర్ కోరల్, నాలుగు మష్రూమ్ కోరల్స్, నత్తలు, హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట ఉన్నాయి. రాతి పగడాల జోలికి పోను. 2001లో వాటన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, పులి ఉన్న షెడ్యూల్లోనే. ఎండిన పగడాన్ని షోకేసులో పెట్టుకుని గొప్పగా చూపించే ఇళ్ళు మన ఊళ్ళో ఉన్నాయి. పులి గోరు పెట్టుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, వాళ్ళకు తెలియదు పాపం.

మిత్రుడికిచ్చిన పాత జంటను వెనక్కి తెచ్చుకోలేదు, వాటిలో ఆ క్రిమి ఉందో లేదో తేల్చుకునే వీల్లేదు. చూసి రావడానికి మాత్రం వెళ్ళాను. పెద్దది, ఆడది, చచ్చిపోయిందట. క్లౌన్ చేపల్లో ఆడది పోతే జంటలోని మగదే ఆడదవుతుంది. నేనిచ్చినప్పుడు తోక దగ్గర దాక్కుంటూ తిరిగిన బక్కది ఇప్పుడు బొద్దుగా, కొత్త మగణ్ణి మూలకు తరుముతూ ఉంది. నన్ను గుర్తుపట్టిందని మిత్రుడంటాడు. మేత వేసే చెయ్యి ఎవరిదైనా అది అలాగే వస్తుంది, నాకు తెలుసు.

పోయిన నెల చేపల మార్కెట్‌లో రవ్వ చేప కోయించుకుంటుంటే, కోసే ఆమె బొటనవేలు చూశాను. అదే ఎరుపు, అదే బుడిపె, మణికట్టు మీద ఇంకొకటి. నాలుగు నెలలైందట. ముల్లు దిగిందట. షుగర్ పరీక్ష రెండుసార్లు చేశారట, లేదట. నేను డాక్టరును కాను, అది ఇదేనని చెప్పలేదు. ఆమె తూకం పక్కనున్న పాత కాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసిచ్చి, ఈసారి పోయినప్పుడు డాక్టరు చేతిలో పెట్టమన్నాను. తర్వాత ఆ ముక్కలనే యాభై కాపీలు జిరాక్స్ తీయించి, అక్వేరియం సామాను అమ్మే షాపులో ఇచ్చాను. చేపలతో పాటు ఒకటి ఇవ్వమన్నాను. "గిరాకీ పోతది సార్" అని అతను గల్లా కింద పెట్టుకున్నాడు. అందుకే మీకు పంపుతున్నాను. ఉత్తరం పొడుగైంది, చోటు లేకపోతే పైదంతా కొట్టేసి ఈ చీటీ ఒక్కటి వేయండి:

"డాక్టరు గారికి: నేను చేపల తొట్టె కడుగుతాను, లేదా చేపలు కోస్తాను. చేతికి రాయి గీరుకుంది, లేదా ముల్లు దిగింది. ఆ చోట లేచిన ఈ పుండు నెల దాటినా మానలేదు. దయచేసి ఆ నీళ్ళ సంగతి కూడా చూడండి."

ఇట్లు,
ఇన్వర్టర్ల షాపు యజమాని,
నల్గొండ